పెద్ద పెట్టె ఒక్కసారే లేవాలి: పాత స్పీకర్లు అమ్మేవారికి

నేను అమ్మిన మొదటి జత మూడో రోజుకి నా దగ్గరికే తిరిగొచ్చింది.

మాది విజయనగరం. మూడు లాంతర్ల దగ్గర సందులో మా నాన్న మైకుసెట్టు షాపు పెట్టారు. ఆయన తర్వాత నేను నడిపాను. పెళ్లిళ్లు, ఊరి సంబరాలు, ఎలక్షన్లు, దసరా వెళ్లాక వచ్చే పైడితల్లమ్మ సిరిమాను, ఏడాదంతా పనే. డీజే బాక్సులు వచ్చాక మా సామాను అడిగేవాడు లేడు. షాపు మూసేశాం గానీ గొడౌన్ అలాగే ఉండిపోయింది. మా ఆవిడ పెద్ద పెట్టెల మీద వడియాలు ఆరబెట్టడం మొదలుపెట్టాక ఇక అమ్మేద్దామనుకున్నాను.

ముందు అమ్మింది 12 అంగుళాల ఫిలిప్స్ జత. నాన్న బొబ్బిలి వడ్రంగి చేత టేకు చెక్కతో చేయించిన పెట్టెలవి, నడుం ఎత్తు ఉంటాయి. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరుండే ఒకాయన ఫోటోలు చూసి ఫోన్‌లోనే 14 వేలకి ఖాయం చేసుకున్నారు. టాటా ఏస్ మాట్లాడి పంపాను. ఆ రాత్రి ఫోన్. "ఏటండీ బాబూ, ఎడమ పెట్టె గరగరమంటంది!"

ఆ గరగర సంగతి నాకు ముందే అనుమానం. పాటలో కలిసిపోతుందిలే అని ఊరుకున్నాను. పెట్టెలు వెనక్కి వచ్చాయి. రానూ పోనూ బండి కిరాయి, రెండు చోట్లా కళాసీల కూలి నా నెత్తినే పడ్డాయి.

సెల్‌ఫోన్ లాంటిదైతే నచ్చకపోతే కొరియర్‌లో వెనక్కి వస్తుంది. 40 కిలోల పెట్టె అలా తిరగదు. అది ఒక్కసారే లేవాలి. కాబట్టి కొనేవాడు వాళ్లింట్లో కనిపెట్టబోయే లోపాన్ని మనం మనింట్లోనే కనిపెట్టి, బండి ఎక్కకముందే చెప్పేయాలి. ఆ తర్వాత ఇంకో ఆరు జతలు అమ్మాను, ఒక్కటీ తిరిగి రాలేదు. ఎలా చేశానో రాస్తాను.

వెనక పలక విప్పి చూడండి

పెట్టె మీద ఉన్న పేరును నమ్మకండి. మా రోజుల్లో మంచి పెట్టెలో చెత్త స్పీకరు, చెత్త పెట్టెలో మంచి స్పీకరు పెట్టుకోవడం మామూలే. స్క్రూలు విప్పి పౌడరు డబ్బాలో వేసుకోండి. లోపలికి టార్చి కొట్టి, స్పీకరు వెనక మాగ్నెట్ మీదా, ఇనుప చట్రం మీదా ఉన్న నంబర్లను ఫోటో తీయండి.

ఫిలిప్స్ వాటి మీద ఏడీ అనే అక్షరాల తర్వాత వచ్చే అంకెలు సైజు చెబుతాయి. ఏడీ 12100 అంటే 12 అంగుళాలది, ఏడీ 8060 అంటే 8 అంగుళాలది. అమెరికా సరుకైతే చట్రం మీద ముద్ర ఉంటుంది. మొదటి మూడంకెలు తయారు చేసినవాడి నంబరు: 220 అయితే జెన్సెన్, 137 అయితే సీటీఎస్, 328 అయితే యూటా, 391 అయితే ఆల్టెక్. తర్వాతి అంకెలు సంవత్సరం, వారం. 220832 అని ఉంటే జెన్సెన్ వాళ్లు 8తో ముగిసే ఏడాదిలో 32వ వారం చేసినది. అది 1958 కావచ్చు, 1968 కావచ్చు. పెట్టె, వైర్లు చూసి తేల్చుకోవాలి.

మాగ్నెట్ ఆకారం కూడా చూడండి. సన్నగా, ఎత్తుగా, టిఫిన్ క్యారియర్ గిన్నెలా ఉంటే చాలావరకు ఆల్నికో అనే పాత రకం అయస్కాంతం. వెడల్పుగా, పల్చగా, నల్ల చక్రంలా ఉంటే ఫెర్రైట్ అనే రకం. ఆల్నికోలో కోబాల్ట్ ఉంటుంది. 1978లో జైర్ (ఇప్పటి డీఆర్ కాంగో) దేశంలో గొడవల వల్ల కోబాల్ట్ ధర పెరిగిపోయి, పెద్ద కంపెనీలు ఫెర్రైట్‌కి మళ్లాయి. అందుకే కలెక్టర్లు ఆల్నికో అంటే పడి చస్తారు. వినడానికి అంత తేడా ఉంటుందా అంటే నా చెవులకైతే తెలియదు. కానీ అమ్మేవాడిగా నాకు కావలసింది కొనేవాడి చెవులు.

ఇంకొకటి. మన జిల్లాల్లో మూతపడిన సినిమా హాళ్లు ఎన్ని ఫంక్షన్ హాళ్లు అయిపోయాయో మీకూ తెలుసు. వాటి తెర వెనక ఉండే సామాను చాలాచోట్ల తూకానికే పోయింది. టెక్కలి వైపు ఒక హాలు ఓనరు మాకివ్వాల్సిన పాత బాకీకి బదులు రెండు పెద్ద పెట్టెలు తీసుకుపొమ్మన్నాడు. గబ్బిలాల రెట్ట తుడిస్తే ఆల్టెక్ అన్న పేరు బయటపడింది. కింద 15 అంగుళాల స్పీకరు, పైన లోహపు హార్న్. 1945లో ఆల్టెక్ లాన్సింగ్ సినిమా హాళ్ల కోసం మొదలుపెట్టిన 'వాయిస్ ఆఫ్ ది థియేటర్' రకం. ఆ రోజు పాతసామాన్లు కొనేవాడు కూడా అక్కడే ఉన్నాడు. "మాగ్నెట్ తీసి రాగి లెక్కేసి ఇచ్చేత్తాను బావూ" అన్నాడు. మీకు ఎక్కడైనా వెస్ట్రన్ ఎలక్ట్రిక్ అన్న పేరు కనిపిస్తే అసలు స్క్రూడ్రైవరే తీయకండి. వాళ్ల 555 డ్రైవరు (హార్న్ వెనక ఉండి శబ్దం పుట్టించేది) 1926 నాటిది, ఇప్పటికీ జపాన్, కొరియా కలెక్టర్లు దాని కోసం వెతుకుతూనే ఉంటారు. అలాంటి కొన్ని పాతవాటికి శాశ్వత అయస్కాంతం ఉండదు, విడిగా కరెంటు ఇస్తేనే పలుకుతాయి. మామూలు యాంప్లిఫయర్‌కి తగిలించి, పలకలేదు కాబట్టి పాడైందని పారేసినవాళ్లు ఉన్నారు.

పరీక్ష చేసే పద్ధతి

దీనికి ఒక పూట కేటాయించండి. కావలసినవి ఒక మల్టీమీటరు, ఒక 1.5 వోల్టుల పెన్‌సెల్, మీ చేతి వేళ్లు.

స్పీకరుకి ఉన్న వైరు ఒకటి విప్పేసి మీటరు పెట్టండి. 8 ఓమ్స్ స్పీకరు మీటరులో 8 చూపించదు, 6 దగ్గర్లో చూపిస్తుంది. 4 ఓమ్స్‌ది 3 పైన, 16 ఓమ్స్‌ది 11, 12 ఉంటుంది. ఇది తెలియక "సార్, మీది ఆరే చూపిస్తోంది, పాడైంది" అని ధర తగ్గించాలని చూసేవాళ్లు తగులుతారు. ఏమీ చూపించకపోతే లోపల చుట్టిన తీగ, అంటే కాయిల్, తెగినట్టే. హార్న్ స్పీకర్లలో లైన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే లెక్క మారుతుంది, దాన్ని విడదీసి చూడాలి.

తర్వాత పెన్‌సెల్. ప్లస్‌ని ఎర్ర టెర్మినల్‌కీ, మైనస్‌ని నల్లదానికీ ఒక్క క్షణం తాకించండి. కోన్, అంటే ముందుండే కాగితపు గరాటు, ముందుకు ఎగరాలి. రెండు పెట్టెల్లోనూ ఒకేలా జరగాలి. పాత జేబీఎల్ అయితే వెనక్కి పోతుంది. వాళ్ల పద్ధతే అంత, లోపం కాదు. ఈ పరీక్ష పెద్ద స్పీకరుకి మాత్రమే. ట్వీటరుకి, అంటే కీచు శబ్దాలు పలికే చిన్న స్పీకరుకి, సెల్ పెట్టొద్దు, సన్నటి కాయిల్‌కి దెబ్బ తగలొచ్చు.

ఇక వేళ్ల పరీక్ష. దీని మీదే నా 14 వేల బేరం చెడింది. స్పీకరు మధ్యలో ఉండే టోపీకి చుట్టూ, రెండు చేతుల వేళ్లూ సమంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కి వదలండి. టోపీని మాత్రం ముట్టకండి, సొట్ట పడుతుంది. గదిలో ఫ్యాన్ ఆపి చెవి దగ్గర పెట్టి వినండి. ఏమీ వినబడకూడదు. అట్ట మీద గోరు గీసినట్టు సన్నగా 'స్‌ర్' అని వినబడితే కాయిల్ మాగ్నెట్‌కి రాసుకుంటోంది.

తిరిగొచ్చిన జతలో అలాగే వినబడింది. కానీ అది కాలిన కాయిల్ కాదు. ఏళ్ల తరబడి నిలువుగా ఒకే భంగిమలో ఉండేసరికి, బరువుకి లోపలి బట్ట కొంచెం కిందకి వేలాడింది. స్పీకరు స్క్రూలు విప్పి, కింద అంచు పైకి వచ్చేలా సగం చుట్టు తిప్పి బిగించాను. వారం రోజులు తక్కువ సౌండ్‌తో వాడాక ఆ చప్పుడు పోయింది. అన్నిసార్లూ పోదు. కానీ రిపేరుకు పంపేముందు పైసా ఖర్చులేని ఈ పని ఒకసారి చేసి చూడండి.

కోన్ చుట్టూ ఉండే అంచు దేనితో చేశారో చూడండి. బట్టదీ, ముడతల కాగితందీ అయితే నిశ్చింత. నురుగు ఫోమ్ అయితే వేలితో తాకగానే పొడిపొడిగా రాలొచ్చు. మనం సముద్రానికి దగ్గర, ఆ తేమకి ఫోమ్ ఇంకా తొందరగా చచ్చిపోతుంది. ఫోమ్ పోయిన స్పీకరును గట్టిగా వాయించి చూపించకండి, కాయిల్ కూడా పోతుంది. చెన్నై రిచీ స్ట్రీట్, హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి చోట్ల స్పీకరు సామాను అమ్ముతారు, రిపేరు చేసేవాళ్ల ఆచూకీ కూడా అక్కడే దొరుకుతుంది. చెయ్యి తిరిగినవాడు దొరక్కపోతే ఫోమ్ పోయిందని చెప్పి అలాగే అమ్మడం నయం. కలెక్టరుకి తన మనిషి ఒకడు ఎక్కడో ఉంటాడు.

పెట్టె సంగతికి వస్తే, మన వైపు అసలు శత్రువు చెద. అడుగు పలక మీద తట్టి చూడండి, డొల్లగా మోగితే పోయినట్టే. రంపపు పొట్టు బోర్డు అయితే ఒకసారి నీళ్లు తగిలితే అట్టల్లా ఉబ్బిపోతుంది. 2018లో తిత్లీ తుఫానుకి పలాస వైపు తడిసిన ఒక జత నా దగ్గరికి వచ్చింది. పైనుంచి కొత్తలా ఉంది, అడుగున చేయి పెడితే రస్కులా విరిగింది.

దుమ్ము దులపండి, అంతే. పాలిష్, పెయింట్ జోలికి పోవద్దు. మా ఆవిడ పాలగిన్నె పెట్టిన గుండ్రటి మచ్చ ఒక పెట్టె మీద ఉండేది. దాన్ని గీకేద్దామనుకున్నాను. బెంగుళూరు నుంచి మా అబ్బాయి ఫోన్‌లో కేకలేసి ఆపాడు, మంచిదే అయింది. పాత కెపాసిటర్లు మార్చి ఉంటే తీసినవి కవరులో వేసి కొనేవాడికి ఇవ్వండి. అసలువి కావాలనే పిచ్చి వాళ్లకి ఉంటుంది.

ధర, ప్రకటన

ఒకే స్పీకరుకి మూడు ధరలుంటాయి. పాతసామాన్లవాడిది తూకం ధర. మైకుసెట్టువాడిది పనికొచ్చే ధర. కలెక్టరుది మోజు ధర. అహూజా హార్న్‌లు రెండో రకం. ఊళ్లలో గుడికీ, మైకు ప్రచారానికీ ఇంకా వాడతారు కాబట్టి తొందరగా అమ్ముడుపోతాయి గానీ పెద్ద ధర రాదు. వాటిని కలెక్టరు కోసం దాచుకుని కూర్చోవడం దండగ. థియేటర్ సామానుని మైకుసెట్టువాడికి అమ్మితే మీకే నష్టం.

ఇంటర్నెట్‌లో జనం అడుగుతున్న ధరలు చూసి గాల్లో తేలిపోకండి. ఆరు నెలల నుంచి అదే ప్రకటన, అదే ధరతో ఉందంటే ఆ ధరకి ఎవడూ కొనలేదనే కదా. ఎంతకి అమ్ముడుపోయిందో తెలిసేచోట చూసుకోండి. అందులోంచి విజయనగరం దాకా వచ్చి తీసుకెళ్లే ఖర్చు తగ్గించుకోండి. కొనేవాడు ఆ లెక్క వేసుకునే ఫోన్ చేస్తాడు.

ఫోటోలు పగటి వెలుతురులో తీయండి. ముందు, వెనక, పక్క, మాగ్నెట్ నంబరు, మచ్చ, పగులు, పక్కన టేపు పెట్టి ఎత్తు. ఆ తిరిగొచ్చిన జతకి రెండోసారి నేను పెట్టిన ప్రకటన ఇది:

"ఫిలిప్స్ 12 అంగుళాలు, జత. బొబ్బిలిలో చేయించిన టేకు పెట్టెలు, ఒక్కోటి సుమారు 40 కిలోలు. ఎడమదానిలో కాయిల్ రాసుకుంటుంటే సగం చుట్టు తిప్పి బిగించాను, ఇప్పుడు చప్పుడు లేదు, మళ్లీ రాదని హామీ ఇవ్వలేను. కుడిదాని మీద పాలగిన్నె మచ్చ. ముందున్న బట్ట ఒకచోట చిరిగింది. ఒకసారి అమ్మితే వెనక్కి వచ్చింది, కారణం పైన చెప్పిందే. 14 వేలు. వచ్చి విని తీసుకెళ్లండి."

వెనక్కి వచ్చిందని ఎవడైనా రాసుకుంటాడా అని మా అబ్బాయి నవ్వాడు. విశాఖపట్నం నుంచి వచ్చినాయన 14 వేలకి రూపాయి తగ్గించకుండా తీసుకెళ్లారు. అడగడానికి ఆయనకి ఏమీ మిగల్లేదు మరి.

ప్రకటన పెట్టిన గంటలో మీకు వచ్చే మొదటి ఫోన్ మాత్రం దొంగది కావచ్చు. మిలిటరీలో ఉన్నానంటాడు, సరుకు చూడనే చూడడు, బేరం ఆడడు, డబ్బు పంపుతున్నా క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటాడు. మనకి డబ్బు రావడానికి పిన్ కొట్టే పనే లేదు. పిన్ కొట్టామంటే మన ఖాతాలోంచి పోతున్నట్టే. పొరపాటున పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

వినిపించడం

కొనేవాడు వచ్చేసరికి పెట్టెలు గొడౌన్ మూల నుంచి బయటికి లాగి, గోడకి రెండడుగులు ఎడంగా నిలబెట్టి, యాంప్లిఫయర్ అరగంట ముందే ఆన్ చేసి ఉంచండి. ఏ టైములో కరెంటు తీస్తున్నారో ముందే కనుక్కోండి, బరంపురం నుంచి వచ్చినాయన్ని మూడు గంటలు కాఫీలతో కూర్చోబెట్టిన అనుభవం నాకుంది. పాట వాళ్లనే ఎంచుకోనివ్వండి. మీరు బాగా పలికే పాటే పెడితే వాళ్లకి అనుమానం.

ఆల్టెక్ జత కోసం వచ్చిన డాక్టరుగారు వయొలిన్ కచేరీ పెట్టమన్నారు. డోలు, బేస్ దద్దరిల్లే పాటలు అడుగుతారని సిద్ధంగా ఉన్న నాకు ఆశ్చర్యం వేసింది. "ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ప్రిన్సిపాల్‌గా చేసిన ఊరికొచ్చి ఇంకేం వింటానండీ" అన్నారు. ఆయన తెలివి తర్వాత అర్థమైంది. వయొలిన్ పై స్వరాలు హార్న్ నుంచే వస్తాయి. హార్న్ డ్రైవరులో కదిలే పల్చటి రేకు, అంటే డయాఫ్రం, ఏ మాత్రం పగిలినా తీగ మీద ఇసుక పోసినట్టు వినబడిపోతుంది. కుడి హార్న్‌లో నిజంగానే కొంచెం ఇసుక ఉంది. ఆ సంగతి నేను ముందే రాసి పెట్టాను కాబట్టి ఆయన తలూపి, తర్వాతి కచేరీ పెట్టమన్నారు.

బండి ఎక్కించడం

జాగ్రత్తగా వినండి, సగం నష్టాలు ఇక్కడే. పెద్ద స్పీకరు మాగ్నెట్ జిగురుతో అతికి ఉంటుంది. పెట్టె ఒక అడుగు ఎత్తు నుంచి పడినా మాగ్నెట్ పక్కకి జరిగి కాయిల్ ఇరుక్కుపోవచ్చు. పైకి గీత కూడా కనబడదు. నా జత ఒకటి లారీ ట్రాన్స్‌పోర్టులో అలాగే పోయింది. పెట్టె బాగుంది కదా అన్నారు వాళ్లు. నిరూపించడానికి నా దగ్గర ఏమీ లేదు, సగం డబ్బు వెనక్కి ఇచ్చాను.

అప్పట్నుంచి దూరం పోయేవాటికి బరువైన స్పీకర్లు పెట్టెలోంచి తీసేస్తాను. ఒక్కోటీ థర్మోకోల్ మధ్య, ముఖం మీద అట్ట కట్టి, చెక్క డబ్బాలో వేరుగా వెళ్తాయి. ఏ వైరు ఎక్కడిదో కాగితం అతికించి ఫోటో తీస్తాను. హార్న్ డ్రైవర్ల లాంటి చిన్న సామాను ఆర్టీసీ కార్గోలో వేస్తాను. ఖాళీ పెట్టె చుట్టూ పాత బొంతలు, వాటి మీద గోనె పట్టా, మూలలకి అట్టలు. ముందు భాగం ఎప్పుడూ కింద పెట్టొద్దు. లారీ వాళ్లు ఇచ్చే ఎల్‌ఆర్ కాగితం (సరుకు రసీదు) మీద 'జాగ్రత్త, స్పీకర్లు' అని రాయించండి, కిరాయి టు-పేనా (అందుకున్నవాడు కట్టేదా), మీరే కట్టారా అన్నది కూడా. బండి ఎక్కేముందు అన్నీ మోగుతున్నట్టు వీడియో తీసి కొనేవాడికి పంపండి.

దగ్గరైతే టాటా ఏస్‌లో నిలబెట్టి, తాడు కట్టి, మీరూ డ్రైవరు పక్కన కూర్చుని వెళ్లండి. ఆల్టెక్ పెట్టె ఒక్కోటి 60 కిలోలు దాటుతుంది, మోసేటప్పుడు ఇద్దరు చాలరు. "ఏటి బాబూ, ఇందులో బియ్యం గాని పోసేసినారేటి?" అన్నాడు ముందు పట్టిన కళాసీ. నలుగురికి మాట్లాడుకోండి, మెట్లుంటే ఆ సంగతి కూలి మాట్లాడేటప్పుడే చెప్పండి. మధ్యలో చెబితే మెట్ల మీదే రేటు పెరుగుతుంది.

డబ్బు పూర్తిగా అందాకే బండి ఎక్కాలి. ఒక తెల్లకాగితం మీద నంబర్లు, మీరు చెప్పిన లోపాలు, ధర, తేదీ రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. నేను రెండు కాపీలు రాస్తాను.

సరుకు వెళ్లాక వారం రోజులు ఫోన్ ఎత్తండి. డాక్టరుగారు నాలుగో రోజున చేశారు. బేస్ అంతా ఎక్కడికో పోయింది, మీ గొడౌన్‌లో ఉన్నట్టు లేదు అన్నారు. నా గుండె జారింది, నలుగురు కళాసీలూ కళ్లముందు కనబడ్డారు. "సార్, రెండు పెట్టెల వెనకా ఎర్ర వైరు ఎటుందో ఒకసారి చూడండి" అన్నాను. ఒకదానికి తిరగేసి పెట్టారు. ఒక కోన్ ముందుకొస్తుంటే రెండోది వెనక్కి పోతోంది, బేస్ రెండింటి మధ్యా కొట్టుకుపోతోంది. ఆయన ఫోన్ స్పీకరులో పెట్టి వైరు మార్చారు. ఇటు నా చెవికే తేడా తెలిసింది.